1234567890 సంగతేంటో కాగితం మీద తేల్చడం ఎలా

పెద్ద సంఖ్య ఒకటి చేతికిచ్చి దీని లక్షణాలు చెప్పమంటే ఎక్కువమంది చేసేది ఒకటే, ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచి 7 తో కొట్టడం, పాయింట్ తర్వాత ఏవో అంకెలొస్తే 11 తో, అదీ కాకపోతే 13 తో, ఇలా ఓ పదిసార్లు కొట్టి విసుగొచ్చి వదిలేయడం. ఆ వరసే తప్పు. ముందు అంకెల వైపు చూసి ఊరికే తెలిసేవన్నీ రాబట్టుకోవాలి, తర్వాత చిన్న ప్రైములు చూడాలి, తర్వాత వర్గాలతో ఒక ప్రయత్నం చెయ్యాలి, ఇవేవీ కాకపోతేనే పొడుగు భాగహారాల జోలికెళ్ళాలి. కారణాంకాలు ఒక్కసారి దొరికాయంటే ఇక మిగిలినవన్నీ ఉత్త గుణకారాలే, వాటికి బుర్ర కూడా అక్కర్లేదు.

ఊరికే చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక సంఖ్య తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. సంఖ్య 1234567890. షాపుల్లో, ఫారాల్లో ఫోన్ నంబర్ ఇవ్వడం ఇష్టం లేనప్పుడు జనం కొట్టేసే నంబర్ ఇదే (మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 తోనే మొదలవుతాయి కాబట్టి ఇది ఎవరి మొబైలూ కాదు, ఆ కౌంటర్లో అబ్బాయికీ ఆ సంగతి తెలుసు). చూడటానికి ఏదో వరసగా టైప్ చేసిన అంకెల్లా ఉంటుంది గానీ లోపల మాత్రం మంచి సరుకుంది.

కావాల్సింది చిత్తు కాగితం, పెన్ను, 20 దాకా ఎక్కాలు. ఫోన్ చివర్లో సరిచూసుకోవడానికి మాత్రమే.

ముందు కామాలు తీసేయండి

మన పద్ధతిలో రాస్తే 1,23,45,67,890, అంటే నూట ఇరవై మూడు కోట్ల నలభై ఐదు లక్షల అరవై ఏడు వేల ఎనిమిది వందల తొంభై. చదువుకోడానికి ఇది బాగుంటుంది కానీ ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే మనం చివర మూడు అంకెలు ఆ తర్వాత రెండేసి విడగొడతాం, భాగం పోతుందో లేదో చూసే చిట్కాలకేమో ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి. అందుకని కామాలు తీసేసి సంఖ్యని ఒకదాని కింద ఒకటి నాలుగుసార్లు రాసుకోండి, ప్రతిసారీ కుడి చివర నుంచి ముక్కలు చేస్తూ:

రెండేసి: 12 | 34 | 56 | 78 | 90
మూడేసి: 1 | 234 | 567 | 890
నాలుగేసి: 12 | 3456 | 7890
ఐదేసి: 12345 | 67890

ఈ నాలుగు లైన్లు కాగితం పైభాగంలోనే ఉంచుకోండి, మాటిమాటికీ వాడతాం.

2, 5, 3 ఎన్నిసార్లు పోతాయి

చివర సున్నా ఉంది కాబట్టి 2 తోనూ 5 తోనూ పోతుంది, ఇది చిన్నపిల్లలైనా చెప్తారు. ఎన్నిసార్లు పోతుందన్నది కూడా ఇక్కడే తేల్చేసుకుంటే తర్వాత గొడవ ఉండదు. 4 కోసం చివరి రెండంకెలు చూస్తే 90, 4 తో పోదు, అంటే 2 ఒక్కసారే. 25 కోసం కూడా అదే 90, అదీ పోదు, 5 కూడా ఒక్కసారే. ఈ పక్కనే ఇంకో విషయం ఉచితంగా వచ్చింది, ఈ సంఖ్య దేనికీ వర్గం కాదు, ఎందుకంటే పూర్తి వర్గాల చివర సున్నాలుంటే జతల్లోనే ఉంటాయి, ఒంటి సున్నాతో ఏ వర్గమూ ముగియదు. కావాలంటే 35136 వర్గం, 35137 వర్గం చేసి చూడండి, మన సంఖ్య ఆ రెండిటి మధ్యలో ఇరుక్కుని ఉంటుంది.

ఇక అంకెల మొత్తం. 1 నుంచి 9 దాకా కూడితే 45, అది 9 తో పోతుంది, కాబట్టి సంఖ్య కూడా 9 తో పోతుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఎందుకంటే ఈ పది అంకెల్ని ఎటు తిప్పి ఎలా రాసినా మొత్తం 45 మారదు కదా, అంటే 0 నుంచి 9 దాకా అన్ని అంకెలూ ఒక్కోసారి వచ్చే పది అంకెల సంఖ్య ఏదైనా సరే 9 తో పోయి తీరాలి. సున్నా ముందు రాకూడదు కాబట్టి అలాంటివి మొత్తం 32,65,920 ఉన్నాయి, అన్నిట్లో కలిపి ఒక్క ప్రైమ్ కూడా లేదు. ముప్పై రెండు లక్షల పైచిలుకు సంఖ్యల గురించి ఒక్క భాగహారం చెయ్యకుండా చెప్పేశాం, ఇలాంటి చోట్లే లెక్కలంటే ముచ్చటేస్తుంది.

ఇంకోటి, 45 తో కూడా ఇది పోతుంది (9 తో, 5 తో పోతుంది కాబట్టి), అంటే తన అంకెల మొత్తంతో తానే భాగం పోయే సంఖ్య. ఇలాంటివాటిని హర్షద్ సంఖ్యలంటారు, ఆ పేరు పెట్టింది నాసిక్ దగ్గర దేవ్లాలీలో స్కూల్ మాస్టారుగా పనిచేసిన కాప్రేకర్. ఈయన దగ్గరికి మళ్ళీ వద్దాం.

27 తో పోతుందా అన్నదానికి మాత్రం అంకెల మొత్తం నమ్మొద్దు. 3 కి, 9 కి పనిచేసిన చిట్కా 27 కి పనిచెయ్యదు, ఉదాహరణకి 1899 అంకెల మొత్తం 27 అయినా 27 తో భాగిస్తే 9 మిగులుతుంది. దీనికి మూడేసి ముక్కల లైన్ కావాలి. 999 అంటే 27 × 37 కాబట్టి మూడేసి ముక్కల్ని కూడి చూస్తే ఆ రెండిటి సంగతీ ఒకేసారి తెలుస్తుంది: 1 + 234 + 567 + 890 = 1692. 27 తో భాగిస్తే 18 మిగిలింది, 37 తో భాగిస్తే 27 మిగిలింది. రెండూ పోవు. అంటే 3 సరిగ్గా రెండుసార్లు, 37 లేదు.

మిగతా ముక్కలు

ఇప్పుడు అదే మూడేసి లైన్లో కుడి నుంచి ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ రండి: 890 − 567 + 234 − 1 = 556. 1001 అంటే 7 × 11 × 13 కాబట్టి ఈ ఒక్క 556 ని పట్టుకుని మూడు ప్రైముల సంగతి తేల్చొచ్చు. 7 తో శేషం 3, 11 తో శేషం 6, 13 తో శేషం 10. మూడూ పోవు. పది అంకెల సంఖ్యని మూడుసార్లు భాగించే బదులు మూడంకెల సంఖ్యని మూడుసార్లు భాగించాం, అంతే తేడా.

రెండేసి ముక్కలు కూడుతూ తీసేస్తే 101 సంగతి తెలుస్తుంది: 90 − 78 + 56 − 34 + 12 = 46, పోదు. నాలుగేసి ముక్కలైతే 7890 − 3456 + 12 = 4446, ఇది 73 కీ 137 కీ పరీక్ష (10001 అంటే 73 × 137), 73 తో 66 మిగులుతుంది, 137 తో 62 మిగులుతుంది. ఐదేసి ముక్కల్ని ఊరికే కూడితే 12345 + 67890 = 80235, ఇది 41 కీ 271 కీ (99999 లో అవి రెండూ ఉన్నాయి), 41 తో 39, 271 తో 19 మిగులుతాయి. ఏదీ పోలేదు. పోలేదని నీరసపడక్కర్లేదు, 7, 11, 13, 37, 41, 73, 101, 137, 271 అన్నీ నాలుగు లైన్లతో కొట్టేశాం.

ఇప్పటిదాకా ఖాయమైంది 2 × 9 × 5 = 90. భాగించి పక్కన పెట్టండి:

1234567890 ÷ 90 = 13717421

ఇక నుంచి పోరాటమంతా ఈ 13717421 తోనే. 17 కి ఒక చిట్కా ఉంది, చివరంకె తీసేసి దాన్ని ఐదు రెట్లు చేసి మిగిలినదాంట్లోంచి తీసేస్తూ పోవడం. 1371742 − 5 = 1371737, తర్వాత 137173 − 35 = 137138, తర్వాత 13713 − 40 = 13673, తర్వాత 1367 − 15 = 1352, తర్వాత 135 − 10 = 125. 17 ఎక్కంలో 125 లేదు, కాబట్టి పోదు. 19 కైతే చివరంకెని రెండు రెట్లు చేసి కూడాలి, అలా చేస్తూ పోతే చివరికి 32 వస్తుంది, అదీ పోదు. 23, 29, 31, 43, 47 మామూలుగా భాగించి చూసేయండి, చిట్కాలు గుర్తు తెచ్చుకునే టైంలో భాగహారమే అయిపోతుంది. ఏదీ పోదు.

ఇక్కడ ఆగి వర్గాలు ప్రయత్నించండి

సరే, 50 లోపు ప్రైములు అయిపోయాయి. ఇక్కడ ఎక్కువమంది 53, 59, 61 అనుకుంటూ ముందుకెళ్ళిపోతారు. 13717421 వర్గమూలం 3703 పైన ఉంది, అక్కడిదాకా వెళ్ళాలంటే ఐదొందల పైచిలుకు ప్రైములతో భాగించాలి, చేత్తో అయ్యే పని కాదు. ముందు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా పద్ధతి ఒక నాలుగైదు మెట్లు వేసి చూడండి, పని జరిగితే జరిగింది, లేదంటే రెండు నిమిషాలే పోతాయి.

సూత్రం స్కూల్లో చదివిందే. ఒక వర్గంలోంచి ఇంకో వర్గం తీసేస్తే వచ్చేది వాటి మొత్తం ఇంటూ వాటి తేడా. మన సంఖ్యని అలా రెండు వర్గాల తేడాగా రాయగలిగితే కారణాంకాలు చేతిలో ఉన్నట్టే. బేసి సంఖ్య ఏదైనా రెండు సంఖ్యల లబ్ధం అయితే ఆ రెండిటి సగటు వర్గంలోంచి వాటి తేడాలో సగం వర్గం తీసేస్తే ఆ బేసి సంఖ్యే వస్తుంది, కాబట్టి అలాంటి జత ఉండి తీరాలి, మనం చెయ్యాల్సింది వెతకడమే. ఎక్కడ మొదలెట్టాలంటే వర్గమూలం దాటిన మొదటి పూర్ణసంఖ్య దగ్గర.

వర్గమూలం చేత్తో ఎలా అంటే, 3700 వర్గం 13690000. మన సంఖ్యకి దీనికి తేడా 27421. దాన్ని 3700 కి రెట్టింపు 7400 తో భాగిస్తే 3.7 వస్తుంది. అంటే మూలం 3703.7 దగ్గర. 3704 తో మొదలెట్టాలి.

3704 వర్గం 13719616. అందులోంచి 13717421 తీసేస్తే 2195. ఇది వర్గమా? లెక్క చెయ్యక్కర్లేదు, 5 తో ముగిసే వర్గాలు 25 తోనే ముగుస్తాయి, ఇది 95 తో ముగిసింది, కాదు.

తర్వాతది 3705. దీని వర్గం మళ్ళీ మొదట్నుంచి చెయ్యొద్దు, 3704 కి 3705 కలిపితే 7409, పాత తేడాకి అది కలిపేయండి చాలు. 2195 + 7409 = 9604.

9604 ని ఒకసారి చూడండి. 100 వర్గం కంటే 396 తక్కువ. 98 వర్గం ఎంత? 10000 − 400 + 4 = 9604. పట్టేశాం! రెండో మెట్టులోనే.

కాబట్టి 13717421 = (3705 − 98) × (3705 + 98) = 3607 × 3803.

ఐదొందల భాగహారాల పని రెండు మెట్లలో అయిపోయింది. ఇది అదృష్టం అని కొట్టిపారేయకండి, రెండు కారణాంకాలూ దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఈ పద్ధతి ఎప్పుడైనా ఇలాగే పనిచేస్తుంది. ఫెర్మా 1643 లో రాసిన ఒక ఉత్తరంలో దీన్ని 2027651281 అనే సంఖ్య మీద చూపించాడు, 45030 తో మొదలెట్టి పన్నెండో మెట్టుకి 45041 దగ్గర ఆగితే 44021 × 46061 అని తేలింది. ఇవాళ బ్యాంకింగ్‌లో, వెబ్‌సైట్లలో సమాచారాన్ని రహస్యంగా ఉంచడానికి వాడే ఆర్ఎస్ఏ తాళాలు తయారుచేసేటప్పుడు రెండు పెద్ద ప్రైములూ మరీ దగ్గరగా ఉండకూడదని షరతు పెట్టడానికి కారణం కూడా ఇదే పద్ధతి.

3607, 3803 మళ్ళీ విడిపోతాయా అని చూసుకోవాలి. 3607 కి వర్గమూలం 60 దాటి కొంచెం, కాబట్టి 59 దాకా ప్రైములు చాలు, 3803 కి 61 దాకా. ముక్కల పరీక్షల్లో కొట్టేసినవి, విడిగా భాగించి చూసినవి మళ్ళీ చూడక్కర్లేదు (పెద్ద సంఖ్య 7 తో పోకపోతే దాని కారణాంకం కూడా పోదు కదా), అంటే నిజంగా మిగిలినవి 53, 59, 61 మాత్రమే. 3607 ని 53 తో భాగిస్తే 3 మిగులుతుంది, 59 తో 8. 3803 ని 53 తో భాగిస్తే 40, 59 తో 27, 61 తో 21. రెండూ ప్రైములే. మొత్తం కలిపి:

1234567890 = 2 × 3 × 3 × 5 × 3607 × 3803

సరిచూసుకోవడం, రెండు రకాలుగా

పెద్ద గుణకారం చేశాక 9 పరీక్ష అందరికీ తెలుసు. 3607 అంకెలు కూడితే 16, మళ్ళీ కూడితే 7. 3803 కి 14, అంటే 5. 7 × 5 = 35, అంటే 8. అటు 13717421 అంకెల మొత్తం 26, అది కూడా 8. కుదిరింది. కానీ ఇదొక్కటే చూసి వదిలేయొద్దు, ఎందుకంటే రాసేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తం మారదు, 9 పరీక్ష దాన్ని పట్టుకోలేదు. 11 పరీక్ష పట్టుకుంటుంది. 3607: 7 − 0 + 6 − 3 = 10. 3803: 3 − 0 + 8 − 3 = 8. లబ్ధం 80, 11 తో శేషం 3. 13717421: 1 − 2 + 4 − 7 + 1 − 7 + 3 − 1 = −8, 11 కలిపితే 3. కుదిరింది. ఈ రెండూ కుదిరాక నాకైతే ఇంకేం అనుమానం ఉండదు.

ఎక్సెల్‌లో సరిచూసుకునేవాళ్ళకి ఒక మాట, అందులో 15 అంకెల వరకే నికరం, 16 అంకెల సంఖ్య కొడితే చివరంకె చెప్పాపెట్టకుండా సున్నా అయిపోతుంది. మన 10 అంకెలకి ఇబ్బంది లేదు, ఇంకా పెద్దవాటితో ఆడేటప్పుడు గుర్తుంచుకోండి.

కారణాంకాలు వచ్చాక వచ్చేవి

ఎన్ని సంఖ్యలు దీన్ని నిశ్శేషంగా భాగిస్తాయి? 2 ని తీసుకోవచ్చు, మానేయొచ్చు, రెండు దారులు. 3 ని అసలు తీసుకోకపోవచ్చు, ఒకటి తీసుకోవచ్చు, రెండూ తీసుకోవచ్చు, మూడు దారులు. 5, 3607, 3803 కి తలా రెండు. 2 × 3 × 2 × 2 × 2 = 48 భాజకాలు, 1 నీ ఆ సంఖ్యనీ కూడా కలుపుకుని.

ఆ 48 నీ కూడితే ఎంత? ఒక్కొక్కటీ రాసి కూడక్కర్లేదు. (1 + 2) × (1 + 3 + 9) × (1 + 5) × 3608 × 3804. మొదటి మూడూ కలిపి 234, చివరి రెండిటి లబ్ధం 13724832, మొత్తం 321,16,10,688. ఇందులోంచి ఆ సంఖ్యనే తీసేస్తే 197,70,42,798 మిగులుతుంది, అసలు సంఖ్య 123 కోట్ల చిల్లరే కాబట్టి దాని సొంత భాజకాల మొత్తం దానికంటే చాలా ఎక్కువ. అంటే ఇది పరిపూర్ణ సంఖ్య (సొంత భాజకాల మొత్తం సరిగ్గా తనంతే అయ్యేది) కాదు, పరిపూర్ణాన్ని దాటిపోయిన రకం. 18, 30, 90 లాంటి దాటిపోయినవి లోపల ఉన్న ఏ సంఖ్యైనా ఇంతే, 90 ఉందని తెలిసినప్పుడే ఈ సంగతి చెప్పేయొచ్చు.

దీనికంటే చిన్నవాటిలో దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? 1 × (2 × 3) × 4 × 3606 × 3802 = 32,90,40,288. మొత్తంలో పావు కంటే కొంచెం ఎక్కువ. దాదాపు అంతా 2, 3, 5 చేసిన పనే, ఆ రెండు పెద్ద ప్రైములు తగ్గించేది నామమాత్రం.

రెండు వర్గాల మొత్తంగా రాయగలమా అన్నది ఇంకో మంచి ప్రశ్న. 4 తో భాగిస్తే 3 మిగిలే ప్రైములు ప్రతి ఒక్కటీ సరిసంఖ్య సార్లు వస్తేనే కుదురుతుంది. ఇందులో 3 రెండుసార్లు వచ్చింది, దాంతో పేచీ లేదు. 3607 కి చివర 07, 4 తో శేషం 3, ఒక్కసారే వచ్చింది, అక్కడే చెడింది. 3803 కీ అంతే. కాబట్టి ఎంత వెతికినా దొరకదు. మూడు వర్గాలైతే మాత్రం కుదురుతుంది, 8 తో శేషం 7 అయినవీ, వాటిని 4 తో హెచ్చిస్తూ పోతే వచ్చేవీ మాత్రమే మూడు వర్గాలకి లొంగవు, మనదానికి చివరి మూడంకెలు 890, 8 తో శేషం 2, ఇబ్బంది లేదు.

బైనరీలో రాస్తే 1001001100101100000001011010010, మొత్తం 31 బిట్లు, అందులో ఒకట్లు 12. 2 ని 30 సార్లు హెచ్చిస్తే 107 కోట్ల చిల్లర, 31 సార్లు అయితే 214 కోట్ల చిల్లర, ఈ రెండిటి మధ్యలో ఉంది కాబట్టి 31 బిట్లని రాయకుండానే తెలుస్తుంది.

సెకన్లుగా తీసుకుంటే

కంప్యూటర్లు 1970 జనవరి 1 అర్ధరాత్రి, గ్రీనిచ్ టైం నుంచి సెకన్లు లెక్కపెడుతూ వస్తాయి. ఆ లెక్కలో 1234567890 ఎప్పుడొచ్చింది? రోజుకి 86400 సెకన్లు. భాగిస్తే 14288 రోజులు, 84690 సెకన్లు మిగులు. మిగులు అంటే 23 గంటల 31 నిమిషాల 30 సెకన్లు. 1970 నుంచి 2008 చివరిదాకా 39 ఏళ్ళు, లీపు రోజులు 10, మొత్తం 14245 రోజులు. 14288 లోంచి తీసేస్తే 43, అంటే 2009 జనవరి 1 తర్వాత 43 రోజులు, ఫిబ్రవరి 13. వారం కావాలంటే 14288 ని 7 తో భాగించండి, 1 మిగులుతుంది, 1970 జనవరి 1 గురువారం కాబట్టి ఇది శుక్రవారం. అంటే గ్రీనిచ్‌లో 13వ తారీఖు శుక్రవారం, ఐదున్నర గంటలు కలిపితే మనకేమో 14 ఫిబ్రవరి 2009 శనివారం తెల్లవారుజామున 5 గంటల 1 నిమిషం 30 సెకన్లు, ప్రేమికుల రోజు. ఆ సెకను కోసం కొన్ని చోట్ల ప్రోగ్రామర్లు పార్టీలు కూడా చేసుకున్నారు. వాళ్ళ సరదాలు వాళ్ళవి.

కాప్రేకర్ మాస్టారి ఆట

ఇది చిన్నది కానీ పిల్లలకి చూపిస్తే వదలరు. సంఖ్యలో అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి రాయండి, చిన్న నుంచి పెద్దకి రాయండి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి, వచ్చినదానితో మళ్ళీ అదే చెయ్యండి. నాలుగంకెలతో చేస్తే, నాలుగూ ఒకే అంకె కాకపోతే చాలు, చివరికి 6174 దగ్గరికొచ్చి ఆగుతుంది, అది ఆయన పేరు మీదే ఉంది. మన పది అంకెలతో చేస్తే 9876543210 − 0123456789 = 9753086421. వచ్చినదాంట్లో అంకెలు చూడండి, 0 నుంచి 9 దాకా అన్నీ ఒక్కోసారి ఉన్నాయి! కాబట్టి మళ్ళీ చేసినా అదే తీసివేత, అదే జవాబు. ఒక్క అడుగులో ఆగిపోయింది. (ఇది 9 తో మొదలవుతుంది కాబట్టి ఎవరిదో ఫోన్ నంబర్ అయ్యుండొచ్చు, డయల్ చెయ్యకండి.)

తిరగేస్తే కథ మారుతుంది

ఇదే పని 9876543210 మీద చెయ్యండి, ఎందుకంటే పద్ధతి ఎక్కడ పనిచెయ్యదో కూడా తెలియాలి. ముందు గ.సా.భా. చూస్తే సరదాగా ఉంటుంది, 9876543210 ని 1234567890 తో భాగిస్తే భాగఫలం 8, శేషం 90, ఆ 90 తో చిన్నది నిశ్శేషంగా పోతుంది, కాబట్టి గ.సా.భా. 90, ఒక్క మెట్టులో. అంటే 90 తీసేశాక ఈ రెండిటికీ ఉమ్మడిగా ఏమీ లేదు, 3607 గానీ 3803 గానీ ఇందులో వెతకొద్దు.

90 తో భాగిస్తే 109739369. దీని మీద నేరుగా ఫెర్మా పద్ధతి మొదలెట్టారనుకోండి, 10476 దగ్గర మొదలై 190005 దగ్గర గానీ దొరకదు, లక్షా డెబ్బై తొమ్మిది వేల మెట్లు. అదే చిన్న ప్రైములు ముందు చూసుంటే, 7, 11, 13 కావని మూడేసి ముక్కలతో తేలిపోతుంది, 17 దగ్గరికి రాగానే 10973936 − 45, అలా చివరంకెలు కోసుకుంటూ పోతే చివరికి 68 మిగులుతుంది, 17 నాలుగుల 68, పోయింది. భాగిస్తే 6455257, దానికీ 17 తో మళ్ళీ చేస్తే చివర్లో 34, మళ్ళీ పోయింది. మిగిలింది 379721. మూడోసారి చేస్తే 32 వస్తుంది, ఇక పోదు. ఈ 379721 ప్రైమే, కానీ చేత్తో నిరూపించాలంటే దాని వర్గమూలం 616 కాబట్టి 613 దాకా ఉన్న 112 ప్రైములతో భాగించాలి. ఇక్కడ ఫోన్ తీసినా తప్పులేదు.

అందుకే వరస అలా పెట్టింది: 50 దాకా చిన్న ప్రైములు, తర్వాత నాలుగైదు మెట్లు వర్గాలు, దొరక్కపోతే మళ్ళీ 53 నుంచి భాగహారాలు. మూడోదానికి ఓపిక లేకపోతే ప్రోగ్రామ్ రాసుకోవడమే.

సొంతంగా చేసి చూడాలంటే 12345654321 తీసుకోండి. తొమ్మిదో శతాబ్దపు గణితవేత్త మహావీరాచార్యుడు ఒకటి నుంచి ఆరు దాకా పెరిగి మళ్ళీ వరసగా తగ్గే సంఖ్య అని వర్ణించింది దీన్నే, ఆయన గణితాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూడేసి ముక్కలు చేస్తే 12 | 345 | 654 | 321. కూడుతూ తీసేస్తే సున్నా వస్తుంది, ఊరికే కూడితే 1332 వస్తుంది, అది 37 ముప్పై ఆర్ల 1332. అంటే 7, 11, 13, 3, 37 అన్నీ మొదటి రెండు నిమిషాల్లోనే దొరికేస్తాయి, ఒక్కోటి ఎన్నిసార్లు ఉందో మీరే లెక్కతీయండి, ఈసారి పూర్తి వర్గం కూడా అవుతుంది.